ఎడమ మడమ

ఆత్మకూరుల సెకండ్ షో.
జాతర దాటి నాలుగొద్దులైంది,
చిన్నాయన కాళ్లకు కురుమూర్తి గుట్ట దుమ్ము
ఇంకా వదల్లేదు.

తెరమీద వాన. బావి గడ్డన శవం.
ఇన్‌స్పెక్టర్ టార్చిలైటు పట్టుకొని
బురదల మోకాళ్లమీద కూసున్నడు,
మొక్కుబడి ఉన్నోని లెక్క.

ఒక్కటే అడుగు అచ్చు.
చుట్టు సుద్దగీత గీసి
అండ్ల తెల్లపిండి కలిపి పోస్తున్నరు.
అప్పటిదాకా కునికిన కుర్మయ్య చిన్నాయన
నిటారుగ లేచి కూసున్నడు:
"ఎడమ మడమ అరిగింది సూడు.
ఏండ్లకేండ్లు బరువు మోసినోడు వాడు.
చాయ్ తెచ్చే పిలగాడు గాదు, దొర గాదు,
గుడిల పల్లకి మోసే ముసలోడు."

ముందు వరుసల ఎవడో
"ఓ పెద్దమనిషీ, జర ఊకో" అన్నడు.

ఇంటర్వెల్‌ల పల్లీలు కొన్న గని
నోట్లె పెట్టబుద్ధి గాలే.
ఏడొద్దులు ఒక్కపొద్దుండి
దేవునికి ఉద్దాలు కుట్టిన చేతులు ఇవే.
కొలత ఎవరిచ్చిండ్రు?
ఏ బురదల దొరికింది ఆయన అచ్చు?
రాత్రిళ్లు గుట్ట దిగి తిరుగుతడంట,
పాత జోడు బోర్లిస్తే అరుగు కనపడుతదంట.
సాక్షి మాత్రం లేడు.

రెండో సగంల ముసలోడే దొరికిండు.
గని ఆ చావు ఒక్కని చేతిది గాదు.
తలుపు సందుల నుంచి చూసినోళ్లు,
దీపం ఒత్తి తగ్గించినోళ్లు,
తెల్లారి అదే చేతులతోని
హారతి కండ్లకద్దుకున్నోళ్లు.
ముసలోడు దోసిలి పట్టిండు,
బేడీలకు గాదు,
తీర్థానికి పట్టినట్టు.

నాకు మా ఊరు కనపడ్డది.
ఏడాదంత మాకు గ్లాసు వేరే పెట్టే హోటలాయన
మొన్న గుట్టమీద వంగి
ఆ ఉద్దాలతోనే వీపుమీద కొట్టించుకున్నడు.
తోలు అదే, దారం అదే.
ఎన్ని పాపాలు రాలినయో తెల్వదు.
గ్లాసు మాత్రం తెల్లారి
మళ్ల ఆ మూలకే ఉన్నది.
ఆ కేసు ఏ స్టేషన్‌ల రాసుకోరు.

బయట చలి.
సైకిల్ స్టాండు కాడ అడిగిన:
"పాత జోడు నువ్వు చేతుల పట్టుకున్నవ్ గదా చిన్నాయనా,
నిజంగ అరిగినయా?"

బీడీ ముట్టించిండు.
అగ్గిపుల్ల ఆరేదాక చూసిండు.
"ఎడమది," అన్నడు. "జర ఎక్కువ."

ఎనక చక్రంల గాలి లేదు.
ఊరిదాక సైకిల్ తోసుకుంటనే
నడిచినం.