లిఫ్టు ఖర్చు

గ్యాసు బిల్లు వెనక్కి తిప్పితే తెల్లగా ఉంటుంది.
పిల్లలు పడుకున్నాక
బల్ల మీది రొట్టె తుంపులు అరచేత్తో ఊడ్చి
ఎతేరి ఆ తెలుపు మీద రాస్తుంది
నెల మొత్తాన్నీ.

టిబిలిసి శివారు. పదహారంతస్తుల పాత సిమెంటు.
తొమ్మిదో అంతస్తులో రెండు గదులు.
బయట మంచు, కురవాలా వద్దా అని ఆలోచిస్తోంది.

పై వరసలో మల్ఖాజ్ తెచ్చింది.
మెట్రో స్టేషన్ దగ్గర్నుంచి వ్యాను తోలతాడతను.
డీజిలు పోను, బండి యజమాని వాటా పోను
పన్నెండు వందల నలభై లారీలు.
వాళ్ళ డబ్బు పేరు లారీ.
పేరుకే లారీ,
మోసేది మాత్రం ఎతేరి.

అద్దె అని రాయగానే సగం ఖాళీ.
తర్వాత గ్యాసు. చలికాలంలో దాని ఆకలి
పిల్లల ఆకలిని మించింది.
గూగా బూట్లు. పోయినేడు ఒక సైజు పెద్దవి కొని
ముందు దూది కుక్కింది.
దూది తీసేసి రెండు నెలలైంది,
ఇంక తీయడానికేం లేదు, వేళ్ళు తప్ప.
చిన్నదాని పాలపొడి.
తినా బడిలో విహారయాత్ర, నలభై:
రాసింది, కొట్టేసింది,
మళ్ళీ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.
కింద జైరా కొట్లో అరువు పుస్తకం.
అందులో తన పేరు ఒక పేజీలో పట్టక
రెండో పేజీకి కాపురం మార్చింది.

పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ
నోళ్ళు పిండిని చూసి పుట్టవు కదా.

అన్నిటికీ అడుగున, లిఫ్టు.
లోపల ఓ ఇనప పెట్టె ఉంటుంది.
పైకి పోవాలంటే దాని నోట్లో
పది తెత్రీల బిళ్ళ వేయాలి.
కిందికైతే ఊరికే.
దిగజారడానికి ఎవరూ డబ్బడగరు.

పుస్తకాల సంచి బరువని తినాకి రోజుకో బిళ్ళ.
నెలకి రెండు లారీల ఇరవై.
ఎతేరి మెట్లే ఎక్కుతుంది,
చేతిలో బంగాళాదుంపలు, చంకలో పిల్ల,
వెనక లెక్కపెడుతూ గూగా.
వాడికి అంకెలు నూట నలభై నాలుగు దాకా వచ్చు.
నూట నలభై ఐదు పైవాళ్ళ మెట్టు.

పోయిన వారం చిన్నదానికి జ్వరం.
ఆస్పత్రి నుంచి వచ్చేసరికి అర్ధరాత్రి ఒంటిగంట.
సంచి పట్టుకోడానికి తోడొచ్చిన తినా,
భుజం మీద కాలుతున్న పసిది,
టాక్సీకి ఊడ్చిచ్చేసిన పర్సు.
ఇనప పెట్టె నోరు తెరుచుకునే ఉంది.

తినా మాట్లాడలేదు.
కోటు చిరిగిన అస్తరులోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి
ఒక బిళ్ళ తీసింది.
లోపల ఇంకా చాలా గలగలమన్నాయి.

లిఫ్టు మూలుగుతూ కదిలింది.
ఐదో అంతస్తు దగ్గర అడిగింది ఎతేరి:
ఎప్పట్నుంచే నడిచెక్కుతున్నావు?
అక్టోబరు నుంచి.
ఎంతయింది?
ఎనిమిది అరవై. ఇప్పుడు ఎనిమిది యాభై.
ఆ తర్వాత ఇద్దరూ
తలుపు మీద ఎవరో గీకిన పేర్లు చదువుతూ నిలబడ్డారు.

ఇప్పుడు కలం ఆ వరస మీదే ఆగింది.
కొట్టేస్తే రెండు ఇరవై మిగులుతుంది.
ఉంచితే
బరువు సంచితో పిల్ల నూట నలభై నాలుగు మెట్లూ ఎక్కుతుంది.
రెండూ తెలిసి
అలాగే ఉంచింది.
పక్కన, గూగా కూడా చదవలేనంత చిన్నగా:
తినాకి బాకీ, పది తెత్రీలు.

కూడితే ఒకటీ నలభై తేడా.
కింది నుంచి కూడినా అదే తేడా.

పదకొండుకి మల్ఖాజ్ వచ్చాడు,
డీజిలు వాసనతో, మెట్ల ఆయాసంతో.
ఒకటీ నలభై, అంది తలెత్తకుండా.
అతను కిటికీ వంక చూశాడు. గ్యాసు మంట వంక చూశాడు.
కోటు విప్పుతుంటే జేబులోంచి
పొద్దుతిరుగుడు గింజల పొట్టు రాలింది నేల మీద.

గింజలు, అని రాసింది.
కాగితం మడిచింది.
మిగిలినవుంటే
ఇలా పెట్టు, అంది.