నూటికి ఒక్క పాలు

శ్రీకాకుళం, ఏడురోడ్ల కూడలి, మెట్ల కింద గది.
తిరిగే చక్రం మీద తడి గుడ్డ,
గుడ్డ మీద గంధంలాంటి ముద్ద.
నా గోళ్ళ సందుల్లో ఎప్పుడూ అదే రంగు,
ఎవరి పెళ్ళి పందిట్లోంచో లేచొచ్చినట్టు.

డబ్బా మీద సీరియం అని ఉంటుంది.
మొదట్లో మందేమో అనుకున్నాను.
లోహమే, అన్నాడు పొట్నూరి మేస్త్రి.
చాకుతో కోస్తే తెగుతుందట.
తెగిన చోట కాసేపు వెండి,
ఆ తర్వాత కాంతి తప్పిన మొహం.
గాలి పడదు దానికి,
ఆవకాయ ముక్కలా నూనెలో ముంచి దాచాలి.
గీస్తే మాత్రం నిప్పులు రాలుస్తుంది.
లైటర్లో రాయి అంటామే,
రాయి కాదది, చాలావరకు ఇదే.

అరుదైన మన్ను అని పేరు. ఉత్తిదే.
భూమిలో రాగి ఎంతో ఇదీ ఇంచుమించు అంతట.
కాకపోతే అన్నదమ్ములందరూ ఒకే గింజలో కాపురం,
వాటాలు తేల్చబోతే
ఆమ్లాలకే ఓపిక పోతుంది.

నిన్న కళింగపట్నం బస్సు దిగింది సూరాడ దాలమ్మ,
కుచ్చిళ్ళ నిండా నల్లిసుక.
"వల కన్ను అవుపడ్డం నేదు గుంటా.
పలాస్టిక్కు వొద్దు, ఇసకకి గీతలడిపోతంది.
గాజే ఎయ్యి."

రాలిన ఇసుక మీద అయస్కాంతం ఆడించాడు మేస్త్రి.
నలుపు లేచి అంటుకుంది.
మిగిలిన వాటిలో తేనెరంగు గింజలు నాలుగు.
"సీరియం ఉంటే వీటిలోనే ఉండాలి."

దాలమ్మకి అది పట్టలేదు.
వాళ్ళయ్య గేసులైట్లు అద్దెకిచ్చేవాడట,
తప్పెటగుళ్ళ రాత్రులకి.
పట్టు సంచి మొదటిసారి కాలి బూడిదయ్యాక
ఎవరూ తుమ్మకూడదట దగ్గర.

"ఆ సంచిలోనూ ఇదే," అన్నాడు మేస్త్రి,
"నూటికి ఒక్క పాలు.
అది పడకపోతే దీపం వెలుగుతుంది గానీ
మొహాలు తెలీవు."

దాలమ్మ కాసేపు ఆలోచించింది.
"ఆ ఒక్క పాలు ఎవులు నెక్కెట్టినారు?"

మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

రుద్దాను.
ఈ ముద్ద గాజును గీకడమే కాదు,
చేయి పట్టుకుని
పై పొరను ఒప్పించి తీసుకుపోతుంది.
గంటకి అద్దంలో అద్దం లేకుండా పోయింది.

పెట్టుకుని తన కుచ్చిళ్ళ వంకే చూసింది ముందు.
ఒక గింజ గిల్లి తీసి వెలుతురుకి పట్టింది.
"ఓలమ్మ, పచ్చగుంది."
వెంటనే బేరం:
"మా ఇసకే గదేటి, ఓ యాభై తగ్గించు."

డబ్బా మీది రేవు పేరు ఏ దేశానిదో.
చెప్పలేదు.
యాభై తగ్గించాను.