పూత

"మసకేసింది బాబూ, ఆర్నెల్లు కాలేదు."
కళ్ళజోడు బల్ల మీద పెట్టాడు దండాసి మహారాణా,
పర్లాకిమిడిలో కొమ్ము పనివాడు.

దీపం కింద వాల్చి చూశాను.
నెమలిమెడ రంగు అంచుల్లోనే మిగిలింది.
నడుమంతా గీతలు.

"దేంతో తుడిచేవు?"
"ఇంకేటుంది, కొమ్ముకి మెరుగెట్టే బూడిదగుడ్డతోనే!"

ఏం చెప్పను?
గేదె కొమ్ము రుద్దినకొద్దీ వెలుగుతుంది.
ఇది అలా కాదు.
వెంట్రుకని వందల పొరలుగా చీలిస్తే
అందులో ఒక్క పొరంత పూత.
దాని పైనుంచి కాస్త వెలుగు వెనక్కి తిరుగుతుంది,
అడుగునుంచి ఇంకాస్త, కొంచెం ఆలస్యంగా.
ఒకటి లేచేచోట రెండోది కుంగుతుంది.
మహేంద్రతనయలో రెండలలు కలిసి
చదునైపోవడం చూళ్ళేదూ?
అంతే. తళుకుని తళుకే మింగేస్తుంది,
వెనక్కి రావలసింది కంట్లోకి పోతుంది.

"అయితే మెరవకపోడమే దాని పనితనం," అన్నాడు,
నమ్మనట్టు, జేబులోని నల్లకొంగని తడుముతూ.
దాని మెడ మీద నా కొట్టు దీపం మొత్తం ఉంది.

కొత్త అద్దాలు బిగించి
మెత్తటి గుడ్డొకటి ఊరికే ఇచ్చాను.

మర్నాడు అటు వెళ్తే
ఆ గుడ్డ కొంగకి చుట్టి ఉంది.
అద్దాలు పంచె కొంగుతో తుడుస్తున్నాడు.