ఇరవై ముగ్గురు

శనివారం పొద్దున్న. ఈస్ట్‌బోర్న్ స్టేషన్ ముందు
డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తు నిండా
ఇంగ్లిష్ నేర్చుకోడానికి ఆస్ట్రియా నుంచి వచ్చిన పిల్లలు.
మూడు వారాల కోర్సు, మూడు విహారయాత్రలు,
అందరి ఒళ్ళోనూ ఒకటే రకం చీజ్ శాండ్‌విచ్,
నా ఒళ్ళో రేకు డబ్బా.

రూలు తెలుసుగా:
బస్సెక్కాక ఇంగ్లిష్ కాని మాట వినబడిందా,
ఇరవై పెన్నీలు.
గ్రాట్స్ పిల్లలు సైగలతో గడిపేస్తున్నారు.
వియన్నా అమ్మాయి మాగ్దలేనా
ముందే ఒక పౌండు పడేసి
ఐదు తప్పులు కొనిపెట్టుకుంది.

నేను తలలు లెక్కపెడుతున్నాను.
ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు...
"మిస్! అది ఇంగ్లిష్ కాదు!"
పదకొండేళ్ళయింది ఈ దేశంలో.
గ్యాసు కంపెనీతో ఇంగ్లిష్‌లోనే పోట్లాడతాను.
లెక్క మాత్రం పాలకొండ బడి విడిచి రానంటుంది.
టంగుమంది నా జరిమానా.
బస్సంతా చప్పట్లు.

ఏం లెక్క అది, అన్నారు. చెప్పాను:
కప్పులైతే మూడు, మనుషులైతే ముగ్గురు.
కొండలైతే ఏడు, అక్కచెల్లెళ్ళైతే ఏడుగురు.
మనం చూడబోయే కొండలకి
ఏడుగురు అక్కచెల్లెళ్ళని పేరు పెట్టారు గనక
ఇవాళ్టికి కొండలు కూడా ఏడుగురే.

"మరి ఎనిమిది?" వెనక సీటు.
ఎనిమిది మంది.
"తొమ్మిది?"
తొమ్మిది మంది.
ఏడు దాటితే మా భాషకి ఓపిక అయిపోతుంది,
అందర్నీ మందలోకి తోలేస్తుంది.
ఇరవై దాటాకే మళ్ళీ గుర్తొస్తారు:
ఇరవై ఒక్కరు, ఇరవై ఇద్దరు.

అడిగినవాడు సెవెరిన్.
ఆ పూట వాడు నోరు విప్పడం అదే మొదలు.
పడమటి కొసన ఎక్కడో లోయలో ఊరు.
వాడి జర్మన్ ఇంట్లో వండుకున్న జర్మన్.
ఒక్క మాట అంటే చాలు
మిగతావాళ్ళు దాన్ని పట్టుకుని సాగదీసి నవ్వుతారు.
ఆ నవ్వు నేనెరుగుదును.
హైదరాబాద్ హాస్టల్ మెస్సులో
"ఏటి కూర?" అని అడిగిన రాత్రి
రెండు బల్లల పొడుగునా పాకింది.
మర్నాటినుంచి కూర పేరు అడగలేదు.
పెట్టింది తిన్నాను.

బర్లింగ్ గ్యాప్‌లో దిగామో లేదో
గాలి సగం వర్క్‌షీట్లు పట్టుకుపోయింది.
ఏడో ప్రశ్న: సముద్రమునకు మూడు విశేషణములు రాయుము.
కొండ తెల్లగా, జున్ను కోసినట్టు నిటారుగా.
ఇదంతా సుద్ద, అన్నాను, పలక మీద రాసే సుద్దే.
ఏటా కొంత విరిగి నీళ్ళలో పడుతుంది,
అంచుకి పోకండి, కింద నిలబడకండి.
సుద్ద కొండ పక్కన నిలబడి
సుద్దులు చెప్పడం నా ఉద్యోగం.

తిరిగి వెళ్ళేటప్పుడు లెక్క: ఇరవై ఇద్దరు.
మళ్ళీ.
ఇరవై ఇద్దరు.

గులకరాళ్ళ మీద ఎలా పరిగెత్తానో తెలీదు.
ఇనప మెట్ల కింద, గాలికి చాటుగా,
ఫోను చెవికి అదుముకుని సెవెరిన్.
పొద్దుటినుంచి బిగబట్టినదంతా ఒలకబోస్తున్నాడు.
అల ఎంతెత్తు లేచిందో చేత్తో చూపిస్తున్నాడు,
అవతలివాళ్ళకి కనబడదని మర్చిపోయి.
ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
తిట్టడానికి వచ్చినదాన్ని
తడి బండ మీద కూర్చున్నాను, ఆ మాటలు అయ్యేదాకా.
నాలుగు పౌండ్ల జరిమానా అయినా అయ్యుంటుంది.

బస్సులో మాగ్దలేనా డబ్బా గలగలలాడించింది.
"వాడు ఏ భాషలో మాట్లాడాడు మిస్?"
గాలిలో వినబడలేదు, అన్నాను.

వర్క్‌షీటు ఇచ్చాడు సెవెరిన్.
ఏడో ప్రశ్న కింద మూడు మాటలకి బదులు ఒక్కటే,
నా దగ్గరున్న ఏ నిఘంటువులోనూ ఉండనిది.
ఇంగ్లిష్‌లో లేదు మిస్, అన్నాడు,
జర్మన్‌లో కూడా లేదు.

"ఏటిది?" అన్నాను.

బస్సు కదిలింది.
జేబులో ఇంకో ఇరవై పెన్నీల కోసం
వెతుక్కున్నాను.