కాగితం బరువు

పొద్దున్నే నా మొదటి పని
ఒక తెల్లకాగితాన్ని తూచడం.
గుండ్రంగా, చిన్న అప్పడమంత.
ఊపిరి బిగబట్టి త్రాసు మీద పెడతాను,
నా ఊపిరి తగిలినా అంకె చెదిరిపోతుంది.

రేపు ఈ వేళకి అది
సారాయెవో గాలిని ఒక రోజంతా పీల్చి వస్తుంది.
మళ్లీ తూస్తాను.
పెరిగిన బరువు రాసినందుకే నాకు జీతం.

డిసెంబరులో మా లోయ మూతపెట్టిన గిన్నె.
పైన వెచ్చని గాలి, కింద చలిగాలి,
అడుగున మేము.
పొగ గొట్టం దాటి లేస్తుంది, మూత తగులుతుంది,
తిరిగొచ్చి గుమ్మంలోనే కూర్చుంటుంది
అలిగిన అల్లుడిలా.
మసీదు మినారు సగం నుంచి పైకి లేదు.
ట్రాము గంట వినిపిస్తుంది, ట్రాము కనిపించదు.

గంధకం పొగది ఆర్పిన అగ్గిపుల్ల వాసన.
అది నయం, చెప్పి వస్తుంది.
బస్సులు వదిలే నైట్రోజన్ కళ్లలో కారం కొడుతుంది.
కార్బన్ మోనాక్సైడుకి వాసనా లేదు, రంగూ లేదు.
బిస్త్రిక్ వీధిలో గడియారాలు బాగుచేసే ముసలాయన
కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, పొయ్యి రాజేసుకుని పడుకున్నాడు.
తెల్లారాక తలుపు పగలగొడితే
గడియారాలన్నీ నడుస్తూనే ఉన్నాయి.

ఇక నా కాగితం మీద వాలేది
వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు.
ముక్కు ఆపలేదు దాన్ని, గొంతు ఆపలేదు.
ఊపిరితిత్తుల అడుక్కి దిగి, నెత్తురులో కలిసి
టికెట్టు లేకుండా గుండెదాకా పోతుంది.

నిన్న కాగితం నల్లగా వచ్చింది.
బూడిద రంగు కాదు, పెనం అడుగు రంగు.
వాసన చూడకూడదు. చూశాను.
కాలిన రబ్బరు.

ఎవరిదో నాకు తెలుసు.
మా సందు చివర రజియా.
కలప కొనలేక, బొగ్గు బస్తా కొనలేక
చెప్పుల దుకాణం వెనక పారేసిన బూట్లు ఏరుకొస్తుంది.
జతకి ఒక గంట వెచ్చదనం.
మనవడు వేదాద్‌కి ఏడేళ్లు.
రాత్రుళ్లు వాడి ఛాతీ ఈల వేస్తుంది.
దగ్గు తగ్గాలంటే గది వెచ్చగా ఉండాలి, అదీ ఆమె లెక్క.

చెప్పడానికే వెళ్లాను.
కూర్చోమంది, కాఫీ పెట్టింది, ఆ పొయ్యి మీదే.
రాగి గిన్నెలో నురుగు పొంగుతుంటే
కింద మంటలోంచి ఒక బూటు
నాలుక బయటపెట్టి నావైపు చూసింది.
"మీ ఇంట్లో ఏం కాలుస్తారు, జుమ్రెతా?"
"కకాన్య్ బొగ్గు."
"అది మంచిదా?"
నేను కాఫీ తాగాను.

ఆదివారం వేదాద్‌ని కేబుల్ కారెక్కించి
ట్రెబెవిచ్ కొండకి తీసుకెళ్లాను.
సగం దారిలో బూడిద తెగిపోయింది.
ఎండ! కళ్లు చికిలించి నవ్వాడు.
ఊరివైపు తిరిగిన పైన్ కొమ్మల కొసలు
ఇటుక రంగుకి మాడి ఉన్నాయి, వాడు చూడలేదు.
దిగువ వాలులో తెల్లరాతి సమాధులున్నాయి,
పుల్లటి వాన పేర్లన్నీ నాకేసింది.
అవీ చూపించలేదు.
మంచులో అటూ ఇటూ పరిగెత్తాడు,
ఉన్నట్టుండి ఆగిపోయాడు.
ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూశాడు
జేబులో ఏదో పారేసుకున్నవాడిలా.
"ఈల ఏది?" అన్నాడు, భయంగా.

పోదులే, కిందికెళ్తే దొరుకుతుంది
అనబోయి నాలుక్కరుచుకున్నాను.

సోమవారం. కాగితం వచ్చింది.
ఇందులో రజియా బూట్లెంత, బస్సులెంత,
రాత్రి నేను పొయ్యిలో వేసిన రెండు పారలెంత,
విడదీసి చెప్పే త్రాసు మా దగ్గర లేదు.
అన్నీ కలిపి ఒకే అంకె.

ఊపిరి బిగబట్టాను.
అంకె నిలిచింది, రాసుకున్నాను.
ఇంకాసేపు అలాగే ఉన్నాను.