అరంగుళం వదులు

ప్రతి మంగళవారం మా అత్తగారు పంటెక్కుతారు.
కంటి చుక్కల మందు కోసమట.
సఖినేటిపల్లి రేవులో తొమ్మిదింటికి ఎక్కి
నర్సాపురం వైపు దిగి
ఒంటిగంటకల్లా ఇంట్లో ఉంటారు.
చుక్కల సీసా మాత్రం ఫ్రిజ్ తలుపులో
సీలైనా ఊడకుండా
మూడు నెలలుగా అలాగే నిలబడి ఉంది.

నేను కుట్టుమిషన్ మనిషిని.
మనుషులు నోటితో చెప్పనివి
నాకు చంకల కొలతలో తెలుస్తాయి.
ఎవరికి కడుపు పండిందో,
ఎవరు పంతానికి పోయి అన్నం మానేశారో
వాళ్ళమ్మ కన్నా ముందు నా టేపుకి తెలుసు.

"భుజాల దగ్గర అరంగుళం వదులు చెయ్యమ్మా"
అని జాకెట్టు నా ఒళ్ళో పడేసి
మంగతాయారు గారు పెరట్లోకి వెళ్ళిపోయారు,
కరివేపాకుతో ఏదో అర్జంటు పనున్నట్టు.

అరంగుళం!
పన్నెండేళ్ళుగా ఆవిడది ఒకటే కొలత.
మామగారు పోయిన ఏడు కూడా మారని కొలత.

ఆ రాత్రే పాలకొల్లుకి ఫోను, ఆడపడుచు సత్యవేణికి.
"చీర అంచు చూశావా వదినా?"
చూశాను. నల్లటి జిడ్డు మరక. కాటుక కాదు.
నాలిక మీద పెట్టి చూడమంది.
నేనంత డిటెక్టివుని కాదన్నాను.
"చేతులో?"
ఎండకి కమిలాయి, గాజుల మేర తప్ప.
"సంచిలో?"
పంటు టికెట్లు, ఆరు. ఒక్కటీ చింపలేదు.
"టికెట్లు చింపేదెవరు?"
"ఏసుపాదం గారు."
"ఆ తెల్లమీసాలాయనా!"
"ఆయ్."
కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
తర్వాత దిండు నోట్లో కుక్కుకుని నవ్వాం.
తర్వాత కొంచెం భయమేసింది.
మా ఆయనకి చెప్పలేదు.
ఆయనకి రహస్యం చెప్పడమంటే
చేపల లారీకి మైకు కట్టడమే.

ఆ పై మంగళవారం
కొబ్బరికాయల లారీ పక్కన తువ్వాలు కప్పుకుని నేను,
అవతలొడ్డున ఐసు ఫ్యాక్టరీ వెనక
బజ్జీల బండి చాటున సత్యవేణి.
వశిష్ఠ మీద గుర్రపుడెక్క తేలుతూ పోతోంది.
అత్తగారు టికెట్టు చాపారు.
ఆయన దాన్ని నిదానంగా మడిచి
మళ్ళీ ఆవిడ అరచేతిలోనే పెట్టారు.
ఆవిడ నవ్వారు.
ఒకే వంటింట్లో ఇన్నేళ్ళుండి
ఆ ఎడం బుగ్గన సొట్ట పడుతుందని
నాకీ రోజు తెలిసింది చూడండి.

ఐసు ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగా.
ఒక పాత లేడీస్ సైకిలు.
అరవై ఒక్కేళ్ళ మా అత్తగారు సీటు మీద,
వెనక క్యారేజీ పట్టుకుని ఆయన పరుగు,
డ్యూటీ ఎవడో కుర్రాడికి అప్పజెప్పి.
"వదలకండి, వదలకండి!"
"వదల్లేదండీ!"
అప్పటికే వదిలేశారాయన.
చేతులు రెండూ గాల్లో అలాగే ఉంచి
ఆవిడ వెళ్ళేవైపు చూస్తూ నిలబడ్డారు.

సైకిలు బాణంలా వెళ్ళింది.
"వదినా, అమ్మకి బ్రేకు తెలుసా?" ఫోనులో సత్యవేణి.
తెలీదు.
బజ్జీల బండికి ఆ సంగతి ముందుగా తెలిసింది.

శనగపిండిలో కూర్చున్న అత్తగారు
ముందు కూతుర్ని చూశారు, తర్వాత నన్ను.
"కంటి చుక్కలు దొరికాయా అత్తయ్యా?" అన్నాను.
"దొరికాయిలే," అన్నారు,
రొప్పుతూ వస్తున్న తెల్లమీసాల వైపు
చూడనట్టు చూస్తూ.
బజ్జీలవాడికి నూట నలభై నేనే ఇచ్చాను.

ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు.
శుక్రవారం పొద్దున్న నా మిషన్ మీద
ఎవరిదో ఖాకీ చొక్కా ఉంది.
రెండు గుండీలు లేవు.
గుండీలు కుట్టి,
అడక్కపోయినా
భుజాల దగ్గర అరంగుళం వదిలాను.
వెనక పరిగెత్తే వాళ్ళకీ కావాలి కదండీ.