లప్పం

ఆటోనగర్ నాలుగో అడ్డరోడ్డులో
మా నాన్న లారీ తలుపుని పిడికిలితో తట్టి, వింటాడు.
ఇనుమైతే మోగుతుంది.
లప్పమైతే మూలుగుతుంది.
"పైన రంగేం చూస్తావే రజియా,
తుప్పు గోకకుండా లప్పం పెడితే
ఒక్క వానాకాలం. అంతే.
పొక్కు లేచి ఊరందరికీ చెబుద్ది."

పటమట నెట్ సెంటర్లో, పేజీకి పది రూపాయలు,
నా బయోడేటాలో ఒక సొట్ట.
రెండేళ్ళ రెండు నెలల సొట్ట.
మాధురి చెప్పిందని దాని మీద
'ఫ్రీలాన్స్ కన్సల్టెంట్' అని పూశాను.
నున్నగా ఉంది. మెరుస్తోంది కూడా.
ఎవరూ చూడకుండా పిడికిలి ముడిచి
స్క్రీన్ మీద చిన్నగా తట్టాను.
మూలిగింది.

ఆ రెండేళ్ళూ ఏం చేశానని?
వెల్డింగ్ మెరుపు నాన్న కుడికన్ను తినేశాక
షెడ్డులో స్టూలేసుకుని బిల్లులు రాశాను.
లారీ ఓనర్లకి ఫోన్లు చేశాను,
బాకీ అడిగేముందు వాళ్ళ పిల్లల పరీక్షలు అడిగాను.
జీఎస్టీ కట్టాను.
నెలకి ఎంత రేకు తుక్కులో పోతోందో
పాత క్యాలెండర్ వెనక లెక్క గీశాను.
చెరిపేసి, ఇదే రాశాను. ఐదు లైన్లు.
గోకిన చోట ఇనుమే ఉంది.

అమ్మది వేరే సంగతి. అమ్మ మాట్లాడదు, కుడుతుంది.
ఒకరి కొలత జాకెట్టు పెట్టుకుని
ఇంకొకరికి గుడ్డ కత్తిరించడం నేనెప్పుడూ చూళ్ళేదు.
ఒకే కాయితాన్ని నలభై ఆఫీసులకి పంపిన రాత్రి
గుర్తొచ్చి సిగ్గేసింది.
గవర్నర్‌పేట ఆడిటర్‌కి ఒకటి,
గన్నవరం కోళ్ళ దాణా కంపెనీకి ఒకటి,
విడివిడిగా కొలిచి రాయడానికి
వారం పట్టింది.

అన్నీ పనికొచ్చాయని చెప్పను.
"పానా పట్టకముందే కూలి మాట్లాడుకో" అంటాడు నాన్న.
బందరు రోడ్డు, మూడో అంతస్తు, ఏసీ గది.
కూర్చోగానే జీతమెంతని అడిగాను.
టై కట్టుకున్నాయన మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపి
"మేం కబురు చేస్తామమ్మా" అన్నాడు.
పదకొండు వారాలైంది.
నాన్నకి చెబితే, పానాల్ని కిరసనాయిల్లో కడుగుతూ
"మన షెడ్డుకి ఏసీ లేదుగా, నాకేం తెలుసు" అన్నాడు.

ఇవాళ గొల్లపూడి, టైల్స్ గోడౌన్.
కళ్ళజోడు నుదుటికెక్కించుకున్న ఒకావిడ
నా ఐదు లైన్ల మీద వేలు ఆపింది.
"బాకీ ఎంత రాబట్టావు?"
"మూడు లక్షల పద్దెనిమిది వేలు.
ఇంకో నలభై రావాలండీ. రావు.
ఆయన పోయాడు, వాళ్ళావిడని అడగొద్దన్నాడు నాన్న."
ఆవిడ ఏదో రాసుకుంది.
తలకిందులుగా ఉంది, చదవలేకపోయాను.

తిరుగు బస్సులో, కొండ మలుపు దగ్గర,
చెయ్యెత్తి రాడ్డు పట్టుకున్నప్పుడు చూశాను:
నా కాలేజీ నాటి కుర్తా.
రాత్రి అమ్మ విప్పి వదులు చేసిన చోట
పాత సూది బెజ్జాల వరస,
దాని పక్కన అంగుళం గుడ్డ.
ఆరేళ్ళు లోపల మడతపడి ఉన్నందుకు
ఒక్క అక్కడే నీలం వెలవలేదు.

షెడ్డు దగ్గర దిగాను.
నాన్న మంచికన్ను నా వైపు తిప్పి
"ఏమన్నారే?"
"తట్టి చూశారు."
"మోగిందా?"

నేను నోరు తెరిచేలోగా
కుర్రాడు గ్రైండర్ ఆన్ చేశాడు.